అంచే చీరనా?

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ కలిపి నిలపడమే నేతన్న పనితనం. మన టీవీ సీరియళ్లలో మాత్రం అంతా అంచే, ఒళ్లు వెతికినా దొరకదు. అత్తగారు పట్టుచీరలో పడుకుని, చెదరని బొట్టుతో నిద్ర లేస్తారు!

'కార్తీకదీపం' 2017లో వెలిగి 2023 దాకా ఆరలేదు. ఎపిసోడ్లు 1,500 దాటాయి. హీరో పేరుమోసిన డాక్టరే. పిల్లలు తనవాళ్లో కాదో తేల్చుకోవడానికే ఆయనకు ఏళ్లు పట్టింది. నాగర్‌కర్నూల్ అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది: "అంత సదివిన డాక్టర్కు రగతం పరీచ్చ చేపిచ్చుకోనీకి తీరలేదా బిడ్డా?"

2001లో జెమినీలో మొదలైన 'అమృతం'లో ఏముంది? ఒక హోటల్, ఇద్దరు ఓనర్లు, సర్వం అనే ఒక పనివాడు, నెత్తిన ఇంటి ఓనర్ అప్పాజీ. విషం కలిపిన పాయసం లేదు, ఒకే చెంపదెబ్బకు మూడు ఉరుములు లేవు. మనుషులున్నారు, వాళ్ల తిప్పలున్నాయి, తిప్పలకు తగ్గ మాటలున్నాయి. అందుకే జనం నేటికీ యూట్యూబ్‌లో వెతుక్కుని మరీ నవ్వుకుంటున్నారు.

వనపర్తిలో కరెంటు పోయి వారం సీరియల్ తప్పినా బెంగక్కర్లేదు. కరెంటొచ్చేసరికి కోడలు అదే గుమ్మంలో, అదే హారతి పళ్లెంతో నిలబడి ఉంటుంది.

కవులను పోషించి 'విద్వద్గద్వాల' అనిపించుకున్న గడ్డ తరఫున నిర్మాతలకో మనవి: చీర పూర్తయ్యాక నేతన్న కోసి మడత పెడతాడు. ఇంకా నేస్తూ పోతే అది చీర కాదు, తాను!