మోకాలు ఎలా ఉంది?

మేనేజర్లు పోయారు, కోచ్‌లు వచ్చారు. మనిషి అదే, కుర్చీ అదే, ఇన్సెంటివ్ షీటూ అదే. విజిటింగ్ కార్డు మాత్రం కొత్తగా అచ్చయింది. అమ్మకాల బృందాన్ని నడిపేవాడు ఇకపై అదిలించడట, ఆలకిస్తాడట. రిసార్టులో రెండు రోజులు బఫే తిని, గుండ్రంగా కూర్చుని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుని వచ్చినవాళ్లు చెబుతుంటే నమ్మక ఏం చేస్తాం!

ఈ విద్య టెన్నిస్ నుంచి వచ్చింది. 1974లో టిమోతీ గాల్వే ఆటగాడి మనసులో సాగే ఆట గురించి పుస్తకం రాస్తే, 1992లో జాన్ విట్‌మోర్ ఇంకో పుస్తకంతో కోచింగ్‌ను ఆఫీసులకు అలవాటు చేశాడు. బాగానే ఉంది. కాకపోతే అక్కడ కోచ్ నచ్చకపోతే ఆటగాడు కోచ్‌ను మార్చుకుంటాడు. ఇక్కడ కోచ్‌కి కోపమొస్తే ఆటగాడు ఆదిలాబాద్ వెళతాడు.

మా మేనల్లుడు మెడికల్ రెప్. వాళ్ల కంపెనీ యాప్‌లో ‘అనుబంధం’ అని ఒక గడి పెట్టారు. ఏరియా మేనేజరు ప్రతి సోమవారం ఒక్కో రెప్‌తో పావుగంట మనసు విప్పి మాట్లాడి ఆ గడి నింపాలి. నింపకపోతే ఎర్రరంగు వస్తుంది, అప్పుడు ఆయన పైవాడు ఆయనతో మనసు విప్పుతాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని మావాడు ఇంట్లో మోకాలి నొప్పి సంగతి చెప్పాడు. అంతే. సోమవారం తొమ్మిదింటికల్లా ఫోను: “అమ్మగారి మోకాలు ఎలా ఉంది? సంతోషం. ప్రైమరీ సేల్స్ ఎంతయింది? సెకండరీ ఎందుకు కదల్లేదు?” మధ్యలో ఊపిరి కూడా తీసుకోడు.

ఆ మోకాలు మా అక్కది కాదు, బావది. మావాడు చెప్పి చూశాడు. “యాప్‌లో అమ్మ అనే ఉందే!” అని ఆయన నొచ్చుకున్నాడు. ఎంట్రీ లాక్ అయిపోయిందట. తర్వాత ఆయన బదిలీ అయ్యాడు, కొత్తాయన వచ్చాడు. మావాడి పేరింకా నోటికి రాకముందే “అమ్మగారి మోకాలు...” అన్నాడు. సంక్రాంతికి మా అక్క మేడ మెట్లు చకచకా ఎక్కుతుంటే మావాడు కంగారుపడ్డాడు: “మెల్లగా అమ్మా, కంపెనీ రికార్డు తప్పవుతుంది!”

నవ్వుకుని వదిలేద్దును. కానీ నెలాఖరు రాత్రి ఈ ఆప్తుడే ఫోన్ చేసి, స్టాకిస్టు వద్దన్న సరుకును ఎలాగైనా తోయమంటాడు. తోయలేని కుర్రాడు సొంత డబ్బు కట్టి బిల్లు చేయిస్తాడు. మాత్రలు గడువు తీరితే నష్టం వాడిది, ఇన్సెంటివ్ పైవాడిది. ఆస్పత్రి గేటు దగ్గర ఉన్నాడో లేదో జీపీఎస్‌లో చూసేవాడు నమ్మకం గురించి ఉపన్యాసమిస్తాడు! సిగ్గుండాలి. 2023లో కోల్‌కతాలో ఒక ప్రైవేటు బ్యాంకు అధికారి, రోజుకు 75 పాలసీలు అమ్మాలంటూ ఆన్‌లైన్ మీటింగులో కిందివాళ్ల మీద విరుచుకుపడిన వీడియో దేశమంతా చూసింది. ఆయన్ను సస్పెండ్ చేశారు. అలాంటి అంకెలను కిందికి దొర్లించే పద్ధతి మాత్రం డ్యూటీలోనే ఉంది.

నేర్పడమంటే ఏమిటో ఈ వృత్తికి తెలియక కాదు. దాన్ని జాయింట్ వర్క్ అనేవారు. మేనేజరు కుర్రాడి బండి వెనక కూర్చుని వెళ్లి, డాక్టరు గది బయట పేషెంట్ల మధ్య తనూ నిలబడేవాడు. లోపల కుర్రాడు తడబడితే మాట అందుకునేవాడు. బయటికొచ్చి టీ తాగుతూ, “మందు పేరు తర్వాత చెబుదువు, ముందు ఆయన దగ్గరికి ఏ జబ్బులవాళ్లు వస్తున్నారో కనుక్కో” అనేవాడు. ఆ మాటకు ఏ గడీ అక్కర్లేదు.

సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల కోసం 1976లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. నియామక పత్రం ఇమ్మంది, పనిచేసిన కాలంలో పదకొండో వంతు జీతంతో సెలవు ఇమ్మంది. అనుబంధం ఊసెత్తలేదు. పోయిన నెల మావాడు నాన్న మోకాలు ఎముకల డాక్టరుకు చూపించాలని ఒక్క రోజు సెలవు అడిగాడు. “నెలాఖరు కదా, క్లోజింగ్ అయ్యాక చూద్దాం” అన్నాడు కోచ్.