ట్రాక్టర్ బుక్ చేసుకోండి దొరగారూ!

2022 సెప్టెంబరు మొదటి వారం. బెంగళూరు, మహదేవపుర. రోడ్డు కనపడని నీళ్లలో ట్రాక్టర్ వస్తోంది. ట్రాలీలో ఎరువు బస్తాలు లేవు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లున్నారు. మెడలో కంపెనీ ట్యాగు, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో బూట్లు. జీతం లక్షల్లో, ట్రాక్టర్ చార్జీ యాభై రూపాయలు. మనవాళ్లూ బోలెడుమంది. ఊళ్లో నాన్న ట్రాక్టర్ ఎక్కమంటే నామోషీ పడి బెంగళూరు వచ్చినవాళ్లే!

సెప్టెంబరు 4 రాత్రి పడింది సుమారు 132 మిల్లీమీటర్ల వాన. తప్పు ఆకాశానిదన్నారు. ఎప్పుడు కాదు గనక?

ఆ వారమే ఇంకో చోద్యం. కావేరి నీళ్లను బెంగళూరుకు తోడిపోసే టి.కె. హళ్లి పంపుహౌసూ మునిగింది. వాకిట్లో వరద, కుళాయిలో చుక్క లేదు.

ఏడాదిన్నర తిరిగింది. 2024 మార్చి. అదే మహదేవపుర. బోర్లు ఎండాయి. తాగునీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఉత్తర్వు. అప్పుడు పడవెక్కిన విల్లా యజమాని ఇప్పుడు ట్యాంకర్ డ్రైవర్‌కు దండం పెట్టాడు. 'అన్నా, ఒక్క లోడు!' నిండా మునిగిన ఊరికి గొంతు ఎలా ఎండింది? పడ్డ వాన ఎక్కడ ఆగాలి? ఈ ప్రశ్న మొన్నటి మంత్రులెవరికీ తట్టలేదు గానీ, నూట యాభై ఏళ్ల కిందట ఓ తెల్లదొరకు తట్టింది.

పేరు రిచర్డ్ హైరమ్ సాంకీ. 1829లో ఐర్లండ్‌లో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చదివి, 1846లో మద్రాస్ ఇంజినీర్స్‌లో చేరాడు. 1857లో కంపెనీ పక్షాన మన సిపాయీల మీదే పోరాడాడు. కాబట్టి హారతి పళ్లెం కాస్త పక్కన పెట్టండి. 1864లో మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజినీరయ్యాడు. బెంగళూరులో ఎర్రగా మెరిసే అఠారా కచేరి ఆయన గీసిన భవనం. కబ్బన్ పార్కు ఆయన వేసిన తోట. 1882లో కట్టిన సాంకీ చెరువుకు ఆయన పేరే. ఆ నీళ్లు మనకోసం కాదు లెండి, కంటోన్మెంటు దాహం కోసం. నడుమ అఫ్గాన్ యుద్ధం, తర్వాత మద్రాసులో కొలువు, లెఫ్టినెంట్ జనరల్ హోదాలో విరమణ, ఐర్లండ్‌లో మళ్లీ ఉద్యోగం, 1892లో సర్ బిరుదు, 1908లో మరణం. దొరల చరిత్రలన్నీ ఇలాగే ఉంటాయి. దాటేద్దాం.

దాటలేనిది ఒకటుంది. మైసూరులో ఆయన నీటిపారుదల శాఖను నిలబెట్టాడు. కొత్త చెరువు తవ్వి శిలాఫలకం వేయించుకోవడానికి తొందరపడలేదు. ఒక్కో లోయా కొలిపించాడు. ఏ వాలు నుంచి ఏ చెరువులోకి ఎంత నీరు దిగుతుందో లెక్క కట్టించాడు. ఆ లెక్కను బట్టే చెరువులెన్ని ఉండాలో, ఎంతెంత ఉండాలో చూశాడు. 1866లో ఓ మాట ఒప్పుకున్నాడు కూడా: ఈ సంస్థానంలో దాదాపు 60 శాతం నేలను ఇక్కడి జనమే ఓపిగ్గా చెరువుల కిందికి తెచ్చారనీ, ఇంకో కొత్త చెరువుకు చోటు వెతకాలంటే బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిందేననీ.

చూశారా ఎంత ఎదిగామో? ఆయనకు కొత్త చెరువుకు చోటు దొరకలేదు. మనకు పాత చెరువే దొరకడం లేదు.

సరే, దొర ఈరోజు మహదేవపురలో ఏదో ఒక ఆఫీసుకు వచ్చాడనుకుందాం.

'ఈ లోయలో నీటి వాలు ఎటు?'

'లోయేంటి సార్? లేఅవుట్ పేరు చెప్పండి.'

'పైచెరువు అలుగు ఎక్కడ?'

'అక్కడ ఫుడ్ కోర్ట్ ఉంది సార్.'

'మరి కాలువ?'

'ఫుడ్ కోర్ట్ పార్కింగు కింద.'

దొర టోపీ తీసి చెమట తుడుచుకుంటాడు. బయట వాన మొదలవుతుంది. దొరగారూ, ట్రాక్టర్ బుక్ చేసుకోండి!

ఇవి గొలుసుకట్టు చెరువులు. పైది నిండి అలుగు పారితే కిందిది నిండుతుంది. బెళ్లందూరు పొర్లితే వర్తూరు, వర్తూరు పొర్లితే దక్షిణ పినాకిని. నడుమ నీటిని నడిపించేది రాజకాలువ. పేరుకే రాజు, బతుకు బిచ్చగాడిది. మీద స్లాబు, స్లాబు మీద కార్లు, లోపల మురుగు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ప్లాను పాస్ చేసిన ఇంజినీరు మాత్రం ఎరగడు!

కబ్జా అంటే రౌడీషీటరే చేయాలా? ధర్మాంబుధి చెరువు ఏమైంది? మెజెస్టిక్ బస్టాండైంది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియమైంది. కోరమంగళ చెరువు జాతీయ క్రీడల గ్రామమైంది. చల్లఘట్ట చెరువు గోల్ఫ్ మైదానమైంది. పేదోడు గుడిసె వేస్తే ఆక్రమణ. సర్కారు పోయించిన కాంక్రీటు అభివృద్ధి. సాంకీ చెరువునైనా వదిలారా? 2023లో దాని పక్కనే ఫ్లైఓవర్ వేస్తామని బయల్దేరారు. జనం అడ్డంపడితే గానీ తగ్గలేదు.

మిగిలిన చెరువుల భాగ్యం చూడండి. 2018 జనవరిలో బెళ్లందూరు చెరువుకు నిప్పంటుకుంది. అవును, చెరువుకే. ఆర్పడానికి ఫైరింజన్లు చాల్లేదు. సైన్యం దిగింది, ఏకంగా 5,000 మంది జవాన్లు. ఒకప్పుడు సైన్యపు ఇంజినీరు చెరువుల లెక్క తీసిన ఊళ్లో, సైన్యమే వచ్చి చెరువును ఆర్పింది. నీళ్లకు నిప్పంటుకుందంటే నవ్వేవాళ్లం, ఇప్పుడు నవ్వండి చూద్దాం.

2022 వరద తగ్గాక బుల్డోజర్ వచ్చింది. టీవీ కెమెరాలు దాని వెంట వచ్చాయి. షెడ్లు కూలాయి, చిన్నచిన్న ప్రహరీలు కూలాయి. పెద్ద గేట్ల దగ్గరికి వచ్చేసరికి స్టేలు గుర్తొచ్చాయి, మళ్లీ సర్వే చేయాలని గుర్తొచ్చింది. బుల్డోజర్‌కు నీరసం వచ్చింది పాపం. ఆ రాజకాలువల వ్యాజ్యాలు వినే హైకోర్టు ఎక్కడుందో తెలుసా? సాంకీ గీసిన అఠారా కచేరిలోనే. దొర గోడలకు చెవులుంటే ఎన్ని వాయిదాలు విని ఉంటాయో!

కంపెనీల సంఘమూ ఊరుకోలేదు. ఆ వరదకు కొద్దిరోజుల ముందు, 2022 ఆగస్టు 30న ఒక్కరోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని 225 కోట్లు నష్టపోయామని ముఖ్యమంత్రికి ఉత్తరం రాసింది. నష్టం లెక్క ఠంచనుగా తేలింది. తమ క్యాంపస్ ఏ కాలువ దారిలో ఉందో ఎందరు తేల్చారు?

మనం మాత్రం తక్కువ తిన్నామా? లేక్ వ్యూ అంటే చాలు, అడిగినదానికి పైన పోసి కొంటాం. వాస్తు పండితుణ్ని హైదరాబాదు నుంచి పిలిపిస్తాం. ఈశాన్యంలో నీళ్లుండాలంటాడు. గ్రామ నక్షలో నీలిగీత ఎటు పోతోందో ఒక్కడైనా అడిగాడా? ఇప్పుడు ఎనిమిది దిక్కులా నీళ్లే. శాస్త్రోక్తంగా మునిగాం.

అసలు సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. కన్నడ దేశంలో చెరువు కట్టలకు మట్టి మోసినవాళ్లలో వడ్డెరలున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. సాంకీ మెచ్చుకున్న ఆ ఓపికలో వాళ్ల పార, తట్ట ఉన్నాయి. ఏ రోడ్డుకూ వాళ్ల పేరు పెట్టలేదు. వాళ్లు తెలుగులో మాట్లాడుకుంటూ తవ్విన పల్లంలో, మనం తెలుగులో ఈఎంఐ లెక్కలు వేసుకుంటూ కాపురం పెట్టాం. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహానికి దండ వేసి, ఇక్కడికొచ్చి కాలువ మీద కారు పెడతాం.

2007లో మహదేవపుర పురపాలికను మహానగరంలో కలిపారు. 2025లో ఆ మహానగరాన్నే అయిదు ముక్కలు చేశారు. మహదేవపుర తూర్పు ముక్కలో పడింది. బోర్డులు మారాయి, లెటర్‌హెడ్లు మారాయి. వానకు బోర్డు చదవడం రాదు.

2025 మే 19 తెల్లారేసరికి మళ్లీ రోడ్లు చెరువులయ్యాయి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇంట్లోనే తెరుచుకోవచ్చు. చీపురు పట్టే ఉద్యోగానికి ఆ వెసులుబాటు ఎవరిచ్చారు? మహదేవపురలో ఓ కంపెనీకి హౌస్‌కీపింగ్ పనికి వచ్చిన మహిళ మీద, వానకు నానిన ప్రహరీ గోడ కూలింది. ఆమె చనిపోయింది.