రబ్బరు గొట్టం నేరం, గేర్‌బాక్సుకు శిక్ష

అమెరికాలో 1979 నాటి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ఉన్నవాడికి ఒక గర్వం ఉంటుంది. "నా బండిలో కంప్యూటర్ లేదు, అంతా మెకానికల్" అని ఎదురైన ప్రతివాడికీ చెబుతాడు. టెక్సాస్‌లో సెంటు పొలం లేకపోయినా పికప్ కొన్న మనవాళ్లూ చెబుతారు. ఆ గర్వం బండి రెండో గేరుకు రానని మొండికేసే దాకా.

ఇంజన్ గగ్గోలు పెట్టి పెట్టి, ఎప్పటికో నడుం విరిగేలా కుదిపి గేరు మారుతుంది. షాపుకు తోలుకెళితే అక్కడి పండితుడు డిప్‌స్టిక్ లాగి వాసన చూస్తాడు. పెదవి విరుస్తాడు. "ట్రాన్స్‌మిషన్ పోయింది, దించాలి." ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అనలేదు.

దించండి మహానుభావా, కానీ అంతకు ముందు ఒక్కసారి బండి కిందికి దూరండి. లోపలున్నది సీ6, ఫోర్డ్ 1966 నుంచి వాడిన మూడు గేర్ల మొండిఘటం. దాని వెనక భాగాన చిన్న రేకు డబ్బా కనిపిస్తుంది. పేరు వాక్యూమ్ మాడ్యులేటర్. ఇంజన్ మానిఫోల్డ్ నుంచి సన్నటి ఇనుప పైపు దాని దాకా వస్తుంది. పైపు చివర ఒక రబ్బరు ముక్క. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పడిపోతుంది. లోడు మీద ఉన్నామని ఆ డబ్బా గ్రహించి ఆయిల్ ప్రెషర్ పెంచుతుంది, గేరు ఆలస్యం చేస్తుంది. సైలెన్సర్ పైపు వేడికి ఆ రబ్బరు ఉడికి పగిలిందా, వాక్యూమ్ అందదు. ఖాళీ బండిలో పాల ప్యాకెట్టుకు బయల్దేరినా, నిండు లోడుతో కొండెక్కుతున్నామనే ట్రాన్స్‌మిషన్ అనుకుంటుంది. చాడీలు విన్న అత్తగారిలా ప్రవర్తించింది తప్ప, దాని ఆరోగ్యానికేమీ లోటు లేదు.

ఈ రోగానికి ఇంకో అవతారం ఉంది. డబ్బాలోని డయాఫ్రమ్ చిరిగితే ఇంజన్ ఆ గొట్టంలోంచి ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పీల్చుకుని కాల్చేస్తుంది. నేల మీద చుక్క పడదు, ఆయిల్ మాత్రం తగ్గుతూనే ఉంటుంది, వెనక తెల్లటి పొగ. అప్పుడు పండితుడికి రెండో పండగ: "ఇంజన్ కూడా పోయింది!" మాడ్యులేటర్ నుంచి గొట్టం ఊడబీకి లోపల వేలు పెడితే చాలు, ఎర్రటి నూనె అంటుకుంటుంది. కానీ వేలికి బిల్లు వేయడం కుదరదు కదా.

వాక్యూమ్ గేజి పెట్టినా అంతే. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల వాక్యూమ్ చూపాలి. అదీ మానిఫోల్డ్ దగ్గర కాదు, కింద మాడ్యులేటర్‌కు తగిలించే చివర. పై చివర గేజి పెట్టి "అంతా బాగుంది" అనేవాళ్లకు ప్రత్యేక సన్మానం చేయాలి.

యజమానికీ వాటా ఉంది లెండి. 1970 నాటి స్వచ్ఛ గాలి చట్టం తర్వాత పొగ తగ్గించడానికని హుడ్ కింద గొట్టాలు గుట్టగా చేరాయి, వాటి పటం స్టిక్కర్‌గా అక్కడే అంటించారు. ఆ పటం చదివినవాడు లేడు. చేతులు మారినప్పుడల్లా ఒకడు ఒక గొట్టం పీకి, ఆ మూతికి గోల్ఫ్ టీ దిగ్గొట్టి పోయాడు. ఎత్తెక్కేటప్పుడు ఏసీ గాలి ముఖం వదిలేసి అద్దం మీదికి మళ్లితే "ముసలిది కదా" అని యజమాని ముద్దుచేస్తాడు. వాక్యూమ్ కారిపోతోందని బండి అప్పుడే మొత్తుకుంటోంది.

వేల డాలర్లు పోసి ట్రాన్స్‌మిషన్ విప్పి కట్టించాక, దానికి మళ్లీ ఆ పగిలిన రబ్బరు ముక్కనే తొడుగుతారు. మర్నాడు అదే కుదుపు. "కొత్తది కదా, అలవాటు పడాలి" అంటాడు పండితుడు. వారంటీ కాగితం అడుగున సన్న అక్షరాల్లో ఉంటుంది: రబ్బరు సామాన్లకు మా బాధ్యత లేదు.