అచ్చుతప్పు అయితే దిద్దుతారు

సంతకం పడిన తీర్పులో ఒక అంకె తప్పు పడిందనుకోండి. ఏడుకు బదులు ఎనిమిది. కోర్టు దిద్దుతుంది. పేరులో ఒత్తు ఎగిరిపోయిందా? అదీ దిద్దుతుంది. చట్టమే దిద్దుకోమంది. మరి అదే తీర్పు సంబంధం లేని మనిషిని జైల్లోకి తోసిందని తర్వాత తేలితే? క్షమించాలి, అది గుమస్తా పొరపాటు కాదు కదా! రాత తప్పో లెక్క తప్పో అయితే తప్ప సంతకం చేసిన తీర్పు జోలికి పోకూడదట. నిన్నటి నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 362 అదే చెప్పింది, దాని స్థానంలో వచ్చిన నేటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 403 కూడా అదే చెబుతోంది.

అప్పీలు ఉంది కదా అంటారు. ఉంది. కొత్త సాక్ష్యం లోపలికి రావడానికి అందులో ఒక తలుపు కూడా ఉంది. నిన్నటి దాకా దాని పేరు సెక్షన్ 391. 2024 జులై 1 నుంచి 432. నంబరు మార్చారు, ఇంకేం కావాలి? అవసరమనిపిస్తే, కారణాలు రాసి, అప్పీలు కోర్టు అదనపు సాక్ష్యాన్ని తానే తీసుకోవచ్చు. కింది కోర్టును తీసుకోమని పంపవచ్చు. చదివితే ఎంత విశాలంగా ఉందో! ఆ సెక్షన్ మీద వచ్చిన తీర్పులు తిరగేయండి, తలుపు కిటికీ అవుతుంది, కిటికీ కన్నమవుతుంది. ‘అరుదుగా’. ‘పొదుపుగా’. ‘లొసుగులు పూడ్చుకోవడానికి కాదు’. 2024 జనవరిలో ఒక చెక్ బౌన్సు కేసులో సుప్రీంకోర్టు మళ్లీ గుర్తు చేసింది: తగిన శ్రద్ధ పెట్టినా విచారణప్పుడు తేలేకపోయిన సాక్ష్యానికే ఈ వెసులుబాటు. ఆ సంతకం నాది కాదు, నిపుణుడికి పంపండి అని ముద్దాయి అప్పీల్లో అడిగాడు. బ్యాంకు సాక్షి బోనులో ఉన్నప్పుడే అడగాల్సింది అన్నారు. సరే, చెక్కుపుస్తకం ఉన్నవాడికి ఆ మాట చెల్లుతుంది.

లేనివాడికి? శ్రద్ధ పెట్టమంటే ఏం పెట్టాలి స్వామీ? అతని వకీలు ఎవరు? వాయిదా రోజున కోర్టు వరండాలో పేరడిగి తెలుసుకున్న లీగల్ ఎయిడ్ ప్లీడరు. డీఎన్‌ఏ పరీక్ష చేయించాలంటే శాంపిల్ ఎవరి బీరువాలో ఉంది? పోలీసు బీరువాలో. తాళం? అదీ వాళ్ల దగ్గరే. శ్రద్ధ మాత్రం ఖైదీ పెట్టాలి!

ఒక ఉదాహరణ: 1994లో పుణెలో ఏడుగురిని చంపిన కేసు. ఒక ముద్దాయికి ఉరి పడింది. 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రివ్యూ కొట్టేసింది. రాజస్థాన్‌లో ఒక బడి ఉంది. ఆ బడిలో ఒక రిజిస్టరు ఉంది. అందులో ఆ కుర్రాడి పుట్టిన తేదీ ఉంది. దాని ప్రకారం నేరం నాటికి వాడి వయసు పన్నెండేళ్ల ఆరు నెలలు. ఇన్ని కోర్టులు ఎక్కి దిగిన కేసులో ఆ బడి గేటు తట్టిన నాథుడు లేడు. బాలుడినని కేసు ముగిశాక కూడా చెప్పుకోవచ్చని చట్టంలో ఉంది కాబట్టి సరిపోయింది. 2018లో అర్జీ పెట్టుకున్నాడు. రిజిస్టర్లో పేరు ఒకటి, కేసు కాగితాల్లో ఒకటి, ఇతను అతను కాదంది ప్రభుత్వం. చివరికి 2023 మార్చి 27న సుప్రీంకోర్టు ఆ రిజిస్టరునే నమ్మి, వదిలేయమంది. నేరం చేయలేదని కాదు. కానీ బాలుడికి చట్టం వేయగల గరిష్ఠ శిక్ష మూడేళ్లు. వాడు లోపల ఉన్నది 28 ఏళ్లకు పైగా. అర్జీకి తీర్పుకి మధ్యే నాలుగేళ్లకు పైగా గడిచాయి. ఆ మూడేళ్లు పోగా మిగతా పాతికేళ్ల లెక్క ఎవరిది?

ఒక్కటే కదా అనుకుంటున్నారా? ఉత్తరాఖండ్ కేసు చూడండి. అదీ 1994 నేరమే. పద్నాలుగేళ్ల కుర్రాడు. బ్యాంకులో ఖాతా ఉంది కాబట్టి మైనరు కాదన్నది కింది కోర్టు. బడి కాగితం తీసుకుని సుప్రీంకోర్టు దాకా పోతే చివరి అవకాశమైన క్యూరేటివ్ పిటిషన్ కూడా కొట్టేశారు. 2012లో రాష్ట్రపతి ఉరి తప్పించారు, అరవై ఏళ్లు వచ్చేదాకా మాత్రం లోపలే ఉండాలన్నారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు విడిపిస్తూ, ప్రతి దశలోనూ కోర్టులే అన్యాయం చేశాయని ఒప్పుకుంది. ఒప్పుకోవడం మంచిదే. పాతికేళ్ల తర్వాత ఒప్పుకుంటే దాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

ఇక సాక్ష్యం కొత్తది కూడా కాని కేసు ఒకటుంది. మహారాష్ట్రలో సంచార తెగలకు చెందిన ఆరుగురు. 2009లో వాళ్లందరికీ ఉరి వేయమన్నది సుప్రీంకోర్టే. ముగ్గురికి హైకోర్టు తగ్గించిన శిక్షను పైకి లాగి మరీ ఉరి దగ్గరికి తెచ్చింది. 2019లో అదే కోర్టు ఆరుగురూ నిర్దోషులంది. ఏమిటి తేడా? నేరం జరిగిన కొద్ది రోజులకే ప్రత్యక్ష సాక్షి పోలీసు ఆల్బమ్‌లో వేరే నలుగురి ఫొటోలు చూపించింది. పోలీసులు ఆ నలుగురిని వదిలేసి ఈ ఆరుగురిని పట్టుకున్నారు. ఆ కాగితం మొదటి నుంచీ ఫైల్లోనే ఉంది. చదివేవాళ్లే లేరు.

మన దగ్గర ఫైలు కూడా మిగలదు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక విద్యార్థిని హత్య. ఊరంతా మండిపడింది, పోలీసులకు ఎవరో ఒకరు కావాలి. దొరికింది ఒక పేద దళిత కుర్రాడు. 2010లో శిక్ష. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. అప్పుడు మరి చంపిందెవరు? 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. అప్పటికే కోర్టు దాచాల్సిన వస్తువులు లేవు. ధ్వంసం చేసేశారు, అదీ అప్పీలు నడుస్తుండగానే! కోర్టు సిబ్బంది మీదే సీబీఐ కేసు పెట్టింది. 2019 డిసెంబరులో ఆ అమ్మాయి సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది. శ్రద్ధ గురించి ఉపన్యాసాలు ఇచ్చేది ఈ వ్యవస్థే.

కేసు ఎక్కడో ఒకచోట ముగియాలి కదా అంటారు పెద్దలు. ముగియాలి, కాదన్నదెవరు? ఇంగ్లండులో తప్పుడు శిక్షల మీద గోల ముదిరాక, 1997 నుంచి ముగిసిన కేసులను తిరగతోడే కమిషన్ పనిచేస్తోంది. అదేం బంగారం కాదు. డీఎన్‌ఏ వేరొకరిదని చెబుతున్నా ఒక మనిషి దరఖాస్తును రెండుసార్లు తోసిపుచ్చింది. 17 ఏళ్ల జైలు తర్వాత 2023లో గానీ అతని శిక్ష రద్దు కాలేదు. అయినా వెళ్లి తగువులాడటానికి అక్కడొక గడప ఉంది. మనకు? రివ్యూ, క్యూరేటివ్. ఉరిశిక్ష అయితే 2014 నుంచి రివ్యూను కోర్టు హాల్లో వింటున్నారు. యావజ్జీవం వాడి కాగితాలు మామూలుగా జడ్జీల గదుల్లోనే తేలిపోతాయి.

పరిహారం మాటకొస్తే, మహారాష్ట్ర ఆరుగురికి పదహారేళ్లకు మనిషికి 5 లక్షలు. రోజుకు 85 రూపాయలు. ఇబ్రహీంపట్నం కుర్రాడికి 8 ఏళ్లకు పైగా మగ్గినందుకు హైకోర్టు ఇమ్మన్నది లక్ష. రోజుకు ముప్పై చిల్లర. ఇదైనా దయతో ఇచ్చిందే. అడిగే హక్కుగా రాసిన చట్టం లేదు. చట్టం చేయమని, పరిహారం తేల్చడానికి ప్రత్యేక కోర్టులు పెట్టమని లా కమిషన్ 2018లో 277వ నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత 2023లో వలసకాలపు చట్టాల బూజు దులుపుతున్నామంటూ మూడు నేర చట్టాలను కొత్తగా రాశారు. అన్ని వందల సెక్షన్లలో ఆ నివేదికకు ఒక్క సెక్షన్ చోటు లేకపోయింది. కారణం లేని అరెస్టుకు పరిహారం చెప్పే పాత సెక్షన్‌ను మాత్రం భద్రంగా మోసుకొచ్చారు. ఎంతో తెలుసా? వెయ్యి రూపాయలకు మించకూడదు. అదైనా అరెస్టు చేసిన పోలీసు ఇవ్వడు. చేయించినవాడి దగ్గర వసూలు చేసుకోవాలి.