ఇల్లలుకుతూ పేరు మరచిన ఈగ

మా ఆఫీసులో పొద్దున్నే అందరికంటే ముందు తెరుచుకునే ఫైలు ఒకటుంది. అది క్లయింటు అడిగింది కాదు, నిన్న సాయంత్రం టెస్టింగ్ వాళ్లు తిప్పి పంపిందీ కాదు. మా పక్కసీటు కుర్రాడి కాన్ఫిగ్ ఫైలు. కోడు రాసే ఎడిటర్ ఏ ఫాంట్‌లో, ఏ రంగుల్లో, లైనుకీ లైనుకీ మధ్య ఎంత సందుతో కనబడాలో ఎడిటర్‌కి చెప్పే ఫైలన్నమాట. ఇప్పటికి 1,400 లైన్లు దాటింది. అతని చేతిమీదుగా నడిచే వాటిలో కామెంట్లు పద్ధతిగా ఉన్నదీ, ప్రతి మార్పుకీ కారణం రాసి, మార్పుల చిట్టా దాచే గిట్‌లో పెట్టినదీ అదొక్కటే.

"అన్నా, లైన్ హైట్ 1.5 నుంచి 1.6 చేశా. కళ్లకి ఎంత హాయిగా ఉందో చూడు" అన్నాడు మొన్న.

చూశాను. నిజంగానే హాయిగా ఉంది. తెరమీద అప్పుడు తెరిచి ఉన్నది కూడా ఆ కాన్ఫిగ్ ఫైలే.

చిన్నప్పుడు ఈగ కథ విననివాళ్లు మనలో ఉండరు. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయి, కనబడినవాళ్లనల్లా అడుగుతూ, ఆఖరికి గుర్రం కడుపులో ఉన్న పిల్లదాకా వెళ్లింది చూడండి, ఆ ఈగ. పాపం, దానికి పేరు మరిచిపోయానన్న సంగతైనా తెలుసు. మావాడికి అదీ తెలియదు. అడిగితే ప్రొడక్టివిటీ అంటాడు.

నా పేచీ ఆ ఒక్కమాటతోనే. రంగులు పూసుకుంటే నాకేం పోయింది? ముచ్చట ముచ్చటే. ఆటోకి నెమలీకలు కట్టి, అద్దం చుట్టూ సీరియల్ లైట్లు పెట్టుకున్నవాడు కూడా వీటివల్ల మైలేజీ పెరుగుతుందని మాత్రం చెప్పడు. మావాడు చెబుతాడు. పైగా లెక్కలతో చెబుతాడు.

సరే, లెక్కే వేద్దాం. ఒక షార్ట్‌కట్ పెట్టుకుంటే వాడినప్పుడల్లా అర సెకను మిగులుతుందట. రోజుకి 40 సార్లు వాడతాడట. అంటే రోజుకి 20 సెకన్లు. దాన్ని కుదర్చడానికి, అది చెడగొట్టిన మరో రెండింటిని బాగుచేయడానికి పట్టింది రెండు ఆదివారాలు, అంటే 16 గంటలు, అంటే 57,600 సెకన్లు. పెట్టిన అసలు తిరిగి రావాలంటే 2,880 పనిదినాలు కావాలి. ఏడాదికి 250 పనిదినాల చొప్పున పదకొండున్నరేళ్లు. మా ఫీల్డులో పదకొండున్నరేళ్లు ఒకే కంపెనీలో ఉన్నవాడికి సన్మానం చేస్తారు. ఇక ఒకే ఎడిటర్‌తో అన్నేళ్లు ఉన్న కాన్ఫిగ్‌వీరుణ్ణి నేనైతే చూడలేదు. మా కుర్రాడే నాలుగేళ్లలో విమ్ నుంచి ఈమాక్స్‌కి, అక్కణ్ణుంచి వీఎస్ కోడ్‌కి, మళ్లీ నియోవిమ్‌కి కాపురం మార్చాడు. మారినప్పుడల్లా ఇల్లు మొదట్నుంచీ అలకాల్సిందే.

నేనేదో మడి కట్టుకుని కూర్చున్నవాణ్ణని కాదు. ఒక రాత్రి ఈమాక్స్‌లో ఫాంట్ సైజు పెంచుదామని కూర్చున్నాను. హైట్ అన్నచోట 12 అని కొట్టి సేవ్ చేశాను. ఈమాక్స్ ఆ అంకెని పాయింట్లో పదోవంతుగా లెక్కపెడుతుందని అప్పటికి నాకు తెలియదు. 120 అని కొట్టాల్సింది. తెరిచేసరికి అక్షరాలు 1.2 పాయింట్లకి కుదించుకుపోయి, తెరమీద ఆవాలు ఆరబోసినట్టుంది. దాన్ని సరిచేయాలంటే ఫైలు చదవాలి, చదవాలంటే దాన్ని సరిచేయాలి. చివరికి నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దుకున్నాను. ఏ అలంకారమూ లేని, ఏ కాన్ఫిగ్ ఫైలూ అడగని ఆ నోట్‌ప్యాడ్‌ని మేమందరం ఎంత చులకనగా చూస్తామో చెప్పనక్కర్లేదు.

ఇక రంగుల సంగతి. 2011లో ఈథన్ షూనోవర్ అనే డిజైనర్ సోలరైజ్డ్ అని 16 రంగుల కూర్పు ఒకటి తయారుచేశాడు. వెలుతురు పాళ్లు కొలిచి, అవే రంగులు లేత నేలమీదా ముదురు నేలమీదా ఒకే తీరున కుదిరేట్టు లెక్కగట్టాడు. బుద్ధిగా చేసిన పని. అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాత డ్రాక్యులా వచ్చింది, గ్రువ్‌బాక్స్ వచ్చింది, నార్డ్ వచ్చింది, కాఫీ పేర్లతో నాలుగు రుచుల్లో కాట్‌పూచిన్ వచ్చింది. ఇప్పుడు థీమ్‌ల పేజీ తెరిస్తే పెళ్లిసీజన్లో చీరలకొట్టే. నెమలికంఠం తియ్యి, వంగపండు తియ్యి, ఆ పైన మడతలో కనకాంబరం చూపించు. కాకపోతే చీరలకొట్టుకి వచ్చినవాళ్లకి ఒక ముహూర్తం ఉంటుంది. ఆవేళకి ఏదో ఒకటి తీసుకుని బిల్లు కట్టి బయటపడతారు. మావాడికి ముహూర్తం లేదు. పరుపుమీద గుట్ట పెరుగుతూనే ఉంటుంది.

అన్నట్టు తెరమీద నల్లనేల మోజు గురించి ఒక్కమాట. వెలుతురున్న నేలని చూస్తే కంటిపాప చిన్నదై చూపు పదునెక్కుతుంది, చీకటినేలని చూస్తే పెద్దదౌతుంది. అస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకి నల్లటి తెరమీద తెల్లక్షరం చుట్టూ మసకగా వలయం కట్టినట్టు కనిపిస్తుంది. మా కుర్రాడికి అస్టిగ్మాటిజం ఉంది, అద్దాలు నాతోనే వచ్చి కొనుక్కున్నాడు. థీమ్ మాత్రం అమావాస్యే.

నాకు అసలు మంట ఫాంట్ల దగ్గర. ఫిరా కోడ్ లాంటి ఫాంట్లలో లిగేచర్లని ఉంటాయి. = పక్కన > కొడితే రెండూ అతుక్కుని ఒకే బాణంగా కనబడతాయి. ! పక్కన = కొడితే ≠ అవుతుంది. ఇది చూసి మావాళ్లు పొందే తన్మయత్వం అంతా ఇంతా కాదు. రెండు గుర్తులు కలిసి ఒకటవడం! ఎంత అందం! ఒరే నాయనా, నువ్వు చిన్నప్పుడు బలపం పట్టింది దానికే కదా. క కింద ష రాసి క్ష అనలేదూ? మనం తరతరాలుగా ఒత్తులని పిలుచుకుంటున్నది అదే కదా.

ఇందులో తమాషా ఏమిటంటే, బాణాన్ని అంత అపురూపంగా అతికించే, కమాండ్లు కొట్టే టెర్మినల్‌లోనే వాళ్లమ్మ పేరు కొట్టి చూడమన్నాను. లక్ష్మి అని కొట్టాడు. లక్‌ష్‌మి అని విడివిడిగా, గుడులు పక్కకి జరిగి, ఎవరో దారంతెంపిన పూసల్లా వచ్చింది. చాలా టెర్మినళ్లు అక్షరానికొక గడి చొప్పున లెక్కపెడతాయి మరి. కిందికీ పైకీ పక్కకీ అల్లుకునే లిపి గడిలో ఇమడదు. పైగా కోడింగ్ ఫాంట్లలో చాలావాటిలో తెలుగు అక్షరాలే ఉండవు. వాటిలో నువ్వు ఏ ఫాంట్ పెట్టుకున్నా తెలుగు వచ్చేసరికి సిస్టమ్ తనకి తోచిన ఇంకో ఫాంట్ తెచ్చి తగిలిస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క 'జ్ఞా' చూపించబోయి ఐఫోన్లు కుప్పకూలిన సంగతి గుర్తుందిగా? సరిచేయాల్సిన పనంటే అలాంటిది. తెలుగు కుర్రాళ్లు ఇన్ని వేలమంది ఉన్నారు. రాత్రుళ్లు మేలుకుని కర్సర్ రెప్పవేసే వేగం దిద్దుకుంటున్నారు.

ఇంకోటి. విమ్‌ని ఏ ఫైలూ ఇవ్వకుండా తెరిస్తే ఒక పలకరింపు తెర వస్తుంది. ఉగాండాలోని పేదపిల్లలకి సాయం చేయండని అందులో ఒక లైను. 1991లో విమ్‌ని విడుదల చేసిన బ్రామ్ మోలెనార్ దానికి ధర అడగలేదు, ఆ పిల్లలకి తోచింది ఇవ్వమన్నాడు. 2023లో ఆయన పోయాడు, ఆ లైను ఉంది. మా కుర్రాడు విమ్ పెట్టుకున్న రోజున చేసిన మొదటి పని ఆ తెరని ఆపేయడం. దాని స్థానంలో చుక్కలూ గీతలతో గీసిన డ్రాగన్ బొమ్మ వచ్చింది. ఆ పిల్లల సంగతి ఏమైందని అడిగాను. "అదేంటన్నా?" అన్నాడు. చదవనేలేదు.

ఈ మాటలన్నీ అంటే వాళ్లకి ఒక బ్రహ్మాస్త్రముంది, డొనాల్డ్ కనూత్. ఆయన తన పుస్తకం కొత్తకూర్పు ప్రూఫులు 1977లో చూసి, అక్షరాలు వికారంగా ఉన్నాయని, పుస్తకం పక్కన పెట్టి అక్షరాలు కూర్చే టెక్ అనే సాఫ్ట్‌వేర్ రాయడానికి కూర్చున్నాడు. చిన్న పనే అనుకున్నది పదేళ్లు తిన్నది. నాలుగో సంపుటం మొదటిభాగం 2011కి గానీ బయటికి రాలేదు. అంత పెద్దాయనే చేశాడు, మేం చేస్తే తప్పా అంటారు. తప్పు లేదు. ఆయన ఇల్లలికితే ఆ ఇంట్లో ఇవాళ ప్రపంచంలోని గణితశాస్త్రజ్ఞులంతా కాపురముంటున్నారు. నువ్వలికిన ఇంట్లోకి నీ లాప్‌టాప్ మార్చిన రోజున నువ్వే పోలేవు.

పోలేకపోవడం కూడా కళ్లారా చూశాను. అది చెప్పాలంటే ఎస్కేప్ మీట దగ్గర మొదలెట్టాలి. విమ్‌కి తాత అయిన వీఐని 1976లో బిల్ జాయ్ రాసినప్పుడు ఆయన ముందున్నది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్. ఇప్పుడు మనకి ట్యాబ్ ఉన్నచోట దానిమీద ఎస్కేప్ ఉండేది, చిటికెనవేలికి అందేట్టు. తర్వాతి కీబోర్డుల్లో అది ఈశాన్యం మూలకో వాయవ్యం మూలకో, మొత్తానికి ఓ మూలకి పోయింది. అంతదూరం చెయ్యి చాచడం శ్రమ అని మా కుర్రాడు జె, కె వరసగా కొడితే ఎస్కేప్ అయ్యేట్టు కాన్ఫిగ్‌లో రాసుకున్నాడు. ఏళ్లతరబడి కొట్టగా అది వేళ్లకి పట్టుకుపోయింది.

ఒకరాత్రి ఒంటిగంట దాటాక క్లయింటు సర్వీసు ఆగిపోయింది. కుర్రాడు నేరుగా సర్వర్‌లోకి వెళ్లాడు. అక్కడ ఉన్నది ఉత్త వీఐ. రంగుల్లేవు, లిగేచర్లు లేవు, డ్రాగన్ లేదు. టైమౌట్ అంకె మార్చి, అలవాటుగా జెకె కొట్టి, సేవ్ చేయమన్నాడు. అన్నీ ఫైల్లోనే అక్షరాలుగా పడ్డాయి. కంగారులో వెనక్కి చెరిపాడు, పూర్తిగా చెరపలేదు. సర్వీసు లేవలేదు. కాల్‌లో తొమ్మిదిమందిమి ఇరవై నిమిషాలు నెట్‌వర్క్‌ని తిట్టాం. అప్పుడు ఆపరేషన్స్ మేడం వచ్చారు. ఆవిడ ఎడిటర్‌కి కాన్ఫిగ్ ఫైలే లేదు, కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే వాడతారు. ఫైలు తెరిచి, పైనుంచి కిందికి ఒకసారి చదివి, "ఈ జె.కె. ఎవరండీ? మన టీమేనా?" అన్నారు.

మర్నాడు కుర్రాడు బుద్ధి తెచ్చుకున్నాడు. తప్పు అలవాటుది కాదు, సర్వర్లది అని తేల్చాడు. ఉన్న 60 సర్వర్లలోకీ తన కాన్ఫిగ్‌ని దానంతటదే మోసుకెళ్లి పెట్టే స్క్రిప్టు ఒకటి మొదలెట్టాడు. శుక్రవారం సాయంత్రానికి ఆ స్క్రిప్టుకి కూడా ఒక కాన్ఫిగ్ ఫైలు వచ్చింది.