నౌకాప్రయాణ సంభారాలు: రెండు ఆటవెలదులకు టీకా తాత్పర్యం

అవతారిక

డాలస్ శివారులో ఒక తెలుగువారి ఇంట, ఫ్రిజ్ తలుపు మీద, వెంకన్న బొమ్మ ఉన్న అయస్కాంతం కింద ఈ రెండు పద్యాలూ లభించాయి. కర్త పేరు లేదు. కాగితం వెనక పాలు, కొత్తిమీర, డయాపర్లు అని రాసి ఉంది కనుక కవి గృహస్థుడని రూఢి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనూ అత్తమామలనూ వెంటబెట్టుకుని, ఐదు గంటలు కారు నడిపి, గాల్వెస్టన్ రేవులో ఓడెక్కి మెక్సికోలోని కొజుమెల్ దీవి దాకా పోయిరావడం ఆ ప్రాంతపు మనవాళ్ళకు ఇప్పుడొక ఆచారం. అట్టి యాత్రకు ముందు, పెట్టెలు సర్దే ఘడియలో ఈ కావ్యం పుట్టింది.

ప్రతులు రెండు. ఒకటి ఫ్రిజ్ ప్రతి. రెండోది కుటుంబ వాట్సాప్ గుంపులోది. రెండోదాన్ని ఫోను తనకు తోచినట్టు దిద్దింది కాబట్టి పాఠభేదాలున్నాయి.

కాళిదాసు మేఘసందేశానికి సంజీవని అనే వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మెదక్ సీమలోని కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే మాటిచ్చి మరీ కలం పట్టాడు. వాట్సాప్ సందేశానికి వ్యాఖ్య రాసేవాడికి ఆ నిష్ఠ చెల్లదు. మూలంలో లేనిదే ఇక్కడ ఎక్కువ.

మూలము

ఆ. గోడ యినుము గాన కొక్కెము లంటును
నిప్పు భయము గాన నిలుచు నిస్త్రి
పాసుపోర్టు చేత బట్టుకొన్న మనిషి
ఓడ నెక్కు నితరు లొడ్డు నుంద్రు

ఆ. అల్ల ముండ వలయు నలలూగు వేళలో
గాలి వీచు వేళ గట్టి క్లిప్పు
పసుపు బాతు నొకటి పైలంగ దాచుడు
కప్పురంబు వలదు కష్ట మగును

మొదటి పద్యానికి ప్రతిపదార్థం

గోడ = ఓడలో మనకిచ్చిన గది గోడ; ఇనుము + కాన = ఉక్కురేకు అయినందువలన; కొక్కెములు = అయస్కాంతపు కొక్కేలు; అంటును = అతుక్కొనును; నిప్పు భయము + కాన = అగ్నిభీతి వలన; ఇస్త్రి = ఇస్త్రీపెట్టె; నిలుచును = రేవులోనే ఆగిపోవును; పాసుపోర్టు = పాస్‌పోర్టును; చేతన్ + పట్టుకొన్న మనిషి = చేతిసంచిలో ఉంచుకొన్న బుద్ధిమంతుడు; ఓడను + ఎక్కును = ఓడ ఎక్కగలడు; ఇతరులు = పెద్ద సూట్‌కేసు అడుగున దాన్ని భద్రపరచినవారు; ఒడ్డున్ + ఉంద్రు = ఒడ్డునే ఉందురు.

తాత్పర్యం: అయస్కాంతపు కొక్కేలు కొనుక్కో. ఇస్త్రీపెట్టె ఇంట్లో పెట్టు. పాస్‌పోర్టు చేత్తో పట్టుకో.

విశేషాలు

ఇందులోని అలంకారం కావ్యలింగం. చెప్పిన మాటకు కారణం కూడా చెప్పడం దాని లక్షణం. ‘గాన’ అని రెండు పాదాల్లో రెండు హేతువులు చూపాడు కవి. ఓడ కంపెనీవారి నిషేధాల పట్టికలో ఈ అలంకారం మచ్చుకైనా కనపడదు. ఇస్త్రీపెట్టె వద్దు, కెటిల్ వద్దు, రైస్ కుక్కర్ వద్దు, కొవ్వొత్తి వద్దు అని ఉంటుంది. ఎందుకు వద్దో ఉండదు. ఎందుకో తెలియని అత్తగారు చిన్న కుక్కరైతే ఏం చేస్తారులే అని చీరల మధ్య చుట్టి పెడుతుంది. ఎక్స్‌రే యంత్రం చీరలకు మోసపోదు. కుక్కర్‌ను ఓడవాళ్ళే పట్టుకుని, రసీదిచ్చి, దిగేటప్పుడు తిరిగిస్తారు. యాత్రంతా అది మనకన్నా ప్రశాంతంగా గడుపుతుంది.

ఇలాంటి వస్తువుల్లో చాలావాటిని ఎందుకు తీసుకోవాలన్నా, ఎందుకు మానాలన్నా ఈ రెండు హేతువులు చాలు: ఓడ ఉక్కుది, ఓడకు నిప్పంటే భయం.

మొదటి హేతువు సులువు. ఓడగది ఇరుకు. నలుగురు పడుకునే గదిలో చొక్కాలు, టోపీలు, తడి ఈతబట్టలు, మామగారి మాత్రల సంచి తగిలించడానికి రెండో మూడో కొక్కేలుంటాయి. గోడకు మేకు కొట్టలేం, జిగురు అంటించనివ్వరు. కానీ గోడ లోపల ఉక్కురేకు కాబట్టి పైన ఎంత అందమైన రంగు పూత ఉన్నా బలమైన అయస్కాంతం పట్టుకుంటుంది. తీసేటప్పుడు గోడకు గీతలు పడకుండా మెల్లగా ఎత్తి తీయాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ కొక్కేలను ఛాతీకి దూరంగా ఉంచాలి. తాళంకార్డుతో కలిపి జేబులో వేయకపోవడం కూడా మేలు. ఇంకో ఉపయోగం కవి చెప్పలేదు: పెద్ద ఓడ నడవాలో వందల తలుపులు ఒకే పోలికతో ఉంటాయి. రాత్రి భోజనం ముగించి వచ్చిన పెద్దాయన పక్కవాడి తలుపు దగ్గర కార్డు గీకుతూ నిలబడకుండా, మన తలుపు మీదొక బొమ్మ అయస్కాంతం పెట్టుకుంటే చాలు. ఫ్రిజ్ మీద వెంకన్న ఇందుకు పనికొస్తాడు. పైగా ఆయనకూ ఒక సముద్రయానం.

రెండో హేతువు దగ్గర ఆగాలి. ఇంట్లో నిప్పంటుకుంటే వీధిలోకి పరుగెడతాం. నడిసముద్రంలో వీధి లేదు. 1934 సెప్టెంబరులో హవానా నుంచి న్యూయార్కు వస్తున్న మోరో కాజిల్ అనే ప్రయాణికుల ఓడ న్యూజెర్సీ తీరాన కాలిపోయి 137 మంది చనిపోయారు. ఓడల లోపలి కలపకూ తలుపులకూ కట్టుదిట్టాలు పెరగడానికి ఆ దుర్ఘటన ఒక కారణం. అంత పాతది వద్దనుకుంటే 2006 మార్చి చూడండి. స్టార్ ప్రిన్సెస్ ఓడ జమైకా వైపు వెళ్తుండగా ఒక బాల్కనీలో మంటలు లేచాయి. ఎవరో పారేసిన సిగరెట్ ముక్క వల్లనే కావచ్చని విచారణలో తేలింది. పక్కపక్క బాల్కనీల మీదుగా మంట పాకి 79 గదులు పనికిరాకుండా పోయాయి. పొగకు ఒక ప్రయాణికుడు మరణించాడు. ఆ తర్వాత బాల్కనీ సామగ్రికి కూడా అంతర్జాతీయ నియమాలు వచ్చాయి. ఇది తెలిసినవాడు ఇస్త్రీపెట్టె సంగతి ఎత్తడు. నలగని జార్జెట్ చీర, మడత పడని ప్యాంటు సర్దుకుంటాడు. కొన్ని ఓడల్లో ఉమ్మడి లాండ్రీ గదిలో ఇస్త్రీపెట్టె ఉంటుంది. లేనిచోట డబ్బిచ్చి చేయించుకోవడమే.

శంక: ఇస్త్రీ సరే. స్పైక్ బస్టర్ ప్లగ్గుల పెట్టె రక్షణకోసమే కదా, దాన్ని కూడా ఎందుకు లాక్కుంటారు?

సమాధానం: నేల మీద కరెంటుకు ఒక తీగ భూమితో ముడిపడి ఉంటుంది. ఓడలో భూమి ఎక్కడిది? చాలా ఓడల్లో రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. మన స్పైక్ బస్టర్ ఒక తీగనే తెంచి తన పని అయిపోయిందనుకుంటుంది. రెండో తీగ నుంచి కరెంటు పారుతూనే ఉండి పెట్టె వేడెక్కి అంటుకోవచ్చు. 2013లో అమెరికా తీరరక్షక దళం ఓడలవాళ్ళకు ఈ విషయమే హెచ్చరిక పంపింది. ఇంటిని కాపాడేది ఓడలో ముప్పు తెస్తుంది. ఫోన్లు ఆరు, ప్లగ్గు ఒకటి అయినప్పుడు, లోపల ఏ రక్షణ యంత్రమూ లేని ఉత్త యూఎస్‌బీ చార్జర్, నాలుగైదు రంధ్రాలది, తీసుకెళ్ళాలి. ఓడ ఓడకూ నిబంధన మారుతుంది కనుక టికెట్టుతో వచ్చిన పట్టిక చదవండి.

‘పాసుపోర్టు చేత’ అన్న పాదాన్ని కొందరు ఛందస్సు కోసం వేసిన పూరణ అంటారు. తప్పు. పద్యానికి ప్రాణం ఇదే. రేవు దగ్గర కారు దిగీదిగగానే కూలీలు వచ్చి పెద్ద పెట్టెలన్నీ పట్టుకుపోతారు. అవి సాయంత్రానికెప్పుడో గది ముందు కనబడతాయి. ఈలోగా పాస్‌పోర్టు అడిగేవాళ్ళు లోపల కూర్చుని ఉంటారు. అమెరికా పౌరులకు, ఎక్కిన రేవులోనే దిగే యాత్రల్లో జనన ధ్రువపత్రంతో సాగుతుందేమో గానీ, ఇండియా పాస్‌పోర్టు మీద వచ్చిన అమ్మానాన్నలకు పాస్‌పోర్టూ వీసా తప్పనిసరి. హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్ళు ఐ-94, ఐ-797 కాగితాలు కూడా పట్టుకోవాలి. ఓడ అమెరికా దాటి మళ్ళీ అమెరికాలోకి వస్తుంది. సముద్రం మీద వచ్చామని ఇమిగ్రేషన్ వాళ్ళు మినహాయింపు ఇవ్వరు. చేతిసంచిలోనే రోజూ వేసుకునే మందులు, కళ్ళజోడు, ఒక జత ఈతబట్టలు కూడా. ఎక్కిన మధ్యాహ్నమే పిల్లలు కొలను చూస్తారు. పెట్టె రాలేదంటే వాళ్ళకు అర్థం కాదు.

రెండో పద్యానికి ప్రతిపదార్థం

అలలు + ఊగు వేళలో = సముద్రం అటూఇటూ ఊపునపుడు; అల్లము + ఉండవలయును = అల్లం దగ్గర ఉండవలెను; గాలి వీచు వేళ = పైడెక్కు మీద; గట్టి క్లిప్పు = బట్టల క్లిప్పు; పసుపు బాతున్ + ఒకటి = రబ్బరు బాతును; పైలంగ = జాగ్రత్తగా; దాచుడు = దాచిపెట్టుడు; కప్పురంబు = కర్పూరం; వలదు = కూడదు; కష్టము + అగును = చెప్పనేల.

విశేషాలు

అల్లం: కడుపులో తిప్పేది సముద్రమే అయినా తగాదా చెవికీ కంటికీ. లోపలి చెవి కదులుతున్నామంటుంది, గదిలోని గోడను చూస్తున్న కన్ను కదలడం లేదంటుంది. ఇద్దరి మధ్యా కడుపు నలుగుతుంది. డెక్కు మీదికి వెళ్ళి దిక్చక్రాన్ని చూడడం రాజీ మార్గం. గది ఎంచుకునే వీలుంటే ఓడ నడుమ, కింది అంతస్తులో తీసుకోవాలి. ఊపు అక్కడ తక్కువ. అల్లం మురబ్బా పొట్లం ఒకటి, మన ఊళ్ళలో ఘాట్ రోడ్డు బస్సెక్కే ముందు వేసుకునే అవోమిన్ లాంటి మాత్ర డాక్టర్ని అడిగి పెట్టుకోవాలి. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఆలస్యమే. ముందుగా వేసుకోవాలి.

‘గట్టి క్లిప్పు’: వాట్సాప్ ప్రతిలో ‘గట్టి చిప్సు’ అని ఉంది. గణం సరిపోతుంది, యతి కూడా చెడదు. కనుక ఫోను చేసిన దిద్దుబాటని కొట్టిపారేయలేం. క్లిప్పు పాఠం ఉపయోగం స్పష్టం: కుర్చీ మీద పరిచిన తువ్వాలు గాలికి లేవకుండా, సరిగా మూసుకోని కర్టెన్ల సందులోంచి తెల్లారే ఎండ ముఖాన పడకుండా. బాల్కనీ కమ్మీకి మాత్రం బట్టలు ఆరేయకూడదు. ఎందుకో పైన చెప్పాను, స్టార్ ప్రిన్సెస్ గుర్తుచేసుకోండి. చాలా స్నానాల గదుల్లో లాగితే బయటికొచ్చే దారం ఉంటుంది, దానికి వేసుకోవచ్చు.

చిప్సు పాఠంలోనూ శాస్త్రం ఉంది. అంగట్లో కొన్న, సీలు విప్పని పొట్లాలను అనేక ఓడలు రానిస్తాయి. ఇంట్లో చేసిన పులిహోర, సున్నుండలు, గోంగూర పచ్చడి సాధారణంగా రానివ్వరు. చేగోడీలు సీలుపొట్లంలో కొన్నవైతే అత్తగారు గెలిచినట్టే, కవరులో పోసి ముడివేసినవైతే ఓడినట్టు. ఓడ దిగి కొజుమెల్‌లోకి పండ్లు, వంటకాలు పట్టుకుపోయినా ఆపుతారు. చిప్సు పాఠం అత్తగారి పక్షం, క్లిప్పు పాఠం కోడలి పక్షం. నేను రెంటినీ ఒప్పుకుంటున్నాను. ఒకే గదిలో పడుకోవాలి కదా.

పసుపు బాతు: ఇక్కడ పూర్వ వ్యాఖ్యాతలంతా, అంటే ఆ ఇంటి మేనత్తా పెద్దబావగారూ, తికమకపడ్డారు. మేనత్తగారు ‘పసుపు, బాతు’ అని విడదీసి పసుపు కూడా సర్దమన్నారు. అది కుదరదు. కొన్నేళ్ళుగా ఓడ ప్రయాణికుల్లో ఒక సరదా నడుస్తోంది. చిన్న రబ్బరు బాతుల్ని తెచ్చి మెట్ల మూలనో, పుస్తకాల అరలోనో, పూలకుండీ వెనకో దాచిపెడతారు. దొరికినవాళ్ళు ఉంచుకోవచ్చు, లేదా ఇంకోచోట దాచొచ్చు. మెడలో చిన్న చీటీ కట్టి మన ఊరి పేరు రాస్తే ఇంకా ముచ్చట. పెట్టెలో సర్దదగిన వాటన్నిటిలో ఇంత పనికిరానిదీ, ఇంత పిల్లల్ని ఆడించేదీ మరొకటి లేదు. నా దృష్టిలో ఈ పద్యానికి రసం ఇదే. ‘పైలంగ’ అన్న మాటకు విధి ఉంది: లైఫ్‌బోటుల దగ్గర, లైఫ్ జాకెట్ల పెట్టెల్లో, కొలను నీళ్ళలో, అమ్మకం సామాను మధ్య దాచకూడదు.

కప్పురం: దేవుడి దగ్గర దీపం ఆర్పకుండా వచ్చే అలవాటుకు ఓడ చోటివ్వదు. అగరొత్తి, కర్పూరం, దీపం మూడూ నిషిద్ధం. బ్యాటరీ దీపం వెలిగించుకోవచ్చు. కిటికీ లేని గదిలో పగలైనా చిమ్మచీకటే, రాత్రి బాత్రూమ్ దారికీ అదే పనికొస్తుంది. ఒక దీపం, రెండు ప్రయోజనాలు.

శంక: ఈ పద్యాలు గాల్వెస్టన్ వారికేనా? 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు ఎంప్రెస్ ఓడ వచ్చింది, మాకేమిటి?

సమాధానం: ఆ ఓడ 1990లో కట్టింది. దాని గోడా ఉక్కే, దాని భయమూ నిప్పే. పాస్‌పోర్టు బదులు ఏ గుర్తింపు కాగితమైనా చేతిసంచిలోనే ఉండాలి.

దోషం: ఇంత చెప్పిన కవి చివరి రాత్రిని మరిచాడు. కావ్యశాస్త్రంలో దీన్ని న్యూనత అంటారు. దిగే ముందు రాత్రి పెద్ద పెట్టెలు తలుపు బయట పెట్టాలి. సిబ్బంది తీసుకుపోతారు. అవి మర్నాడు రేవులోనే మళ్ళీ కనబడేది. ఏటా కొందరు బట్టలన్నీ సర్దేసి, తెల్లారి లుంగీతో, నైటీతో, బోసికాళ్ళతో ఇమిగ్రేషన్ వరసలో నిలబడుతూనే ఉంటారు. కాబట్టి పెట్టె బయటపెట్టే ముందు రేపు వేసుకునే బట్టలు, చెప్పులు, మాత్రలు, పాస్‌పోర్టు మంచం మీద ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.