చివరి వరుసకు వినపడాలి

పాత నాటకశాల బాగుచెయ్యాలంటే ఇప్పటోళ్లకు ముందు గుర్తొచ్చేవి ఏసీలు, మెత్త కుర్చీలు, గోడలకు నున్నటి టైల్సు. పద్యం సంగతి ఎవరూ అడగరు. నున్నటి గోడకు తగిలి రాగం తిరిగొచ్చి తర్వాతి పాదం మీద పడుతుంది. మాట ముక్క అర్థం కాదు. వినపడలేదని మైకు పెంచుతారు, గోల ఇంకా ముదురుతుంది.

మా రోజుల్లో కర్నూలు పల్లెల్లో తిరునాళ్ల నాటకమంటే పైనుంచి వేలాడే ఒక్క మైకు. అదీ నడిమధ్యలో ఆగిపోయేది. అయినా కాటి సీనులో హరిశ్చంద్రుడి పద్యం చివర కూర్చున్న ఆడోళ్ల దాకా అందేది, వాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. వేషం కట్టినోళ్లు ఎవరు? పగలంతా శెనక్కాయ చేలో వంగి పనిచేసే రైతులే. సేద్యం పనులు లేని నెలల్లో నాటకం అయ్యవారిని ఊళ్లో పెట్టుకొని, గింజలిచ్చి, లాంతరు వెలుగులో పద్యాలు నేర్చుకునేవాళ్లు. హార్మోనియం శ్రుతికి గొంతు నిలిచేదాకా అయ్యవారు వదిలేవాడు కాదు. అట్లాంటి అయ్యవార్లు ఎంతమంది మిగిలారో ఇప్పుడెవరు లెక్క తీస్తున్నారు?

మా రాయలసీమకు నాటకం అరువు సొమ్ము కాదు. 1885లో కడప జిల్లా సురభిలో తోలుబొమ్మలాట నుంచి వచ్చిన వనారస కుటుంబం కీచకవధ ఆడింది. ఆడవేషం మగవాడే కట్టే కాలంలో తమ ఇంటి ఆడపడుచులనే రంగమెక్కించారు. రెండేళ్లకు, అప్పుడు మన దత్తమండలంలోనే ఉన్న బళ్లారిలో, ధర్మవరం రామకృష్ణమాచార్యులు చిత్రనళీయం ఆడించి తెలుగు నాటకానికి పద్యం, పాట రుచి చూపించాడు. ఇంత ఉండీ సురభి వాళ్లను సీమలో నిలబెట్టుకోలేకపోయాం. బతుకుతెరువుకు కోస్తాకు, హైదరాబాదుకు పోయారు. నాకు ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

కర్నూల్లో గానీ కడపలో గానీ పద్యనాటకాల పండుగ కోసం హాలు బాగుచేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇంజనీరు పక్కన ఒక హార్మోనిస్టును కూర్చోబెట్టండి. వేదికకు చెక్క నేల వెయ్యండి, పరదాలు పైకి చుట్టడానికి ఎత్తు వదలండి, గోడలకు గుడ్డో చాపో కట్టండి. పల్లె నాటక సమాజాలకు దారి ఖర్చులిచ్చి పిలవండి, రాగం తీసేటప్పుడు టైమైపోయిందని గంట కొట్టొద్దు. ప్రారంభానికి ముందురోజు మైకులన్నీ ఆపి ఒక పద్యం పాడించి, మీరు చివరి వరుసలో కూర్చొని వినండి. వినపడకపోతే పండుగ వాయిదా వేసి గోడల పని మళ్లీ మొదలుపెట్టండి.